దీపం ఆర్పితే దోషం పోతుందా?



మన విచారణల్లో ఎవరైనా కొత్త బండి కొంటే మొదట దేవాలయానికి తెచ్చి మంత్రింపజేసుకోవడం మంచి ఆచారం. అద్దానికి జపమాల వేలాడుతుంది. స్టీరింగు ముందు వేళాంగణి ఆరోగ్యమాత స్వరూపం ఉంటుంది. ఆ స్వరూపానికి కాస్త దిగువనే, మీటర్ల మధ్య, ఇంజను బొమ్మతో ఒక చిన్న పసుపుపచ్చ దీపం కూడా ఉంది. తాళం తిప్పగానే అది ఒకసారి వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే, లోపల ఎక్కడో దోషం ఉన్నదని బండి తన యజమానికి చెప్పుకుంటున్నదన్నమాట.

ఆ దీపం వెలిగినప్పుడు మనం చేసేదేమిటి? "బండి బాగానే పోతాంది ఫాదర్, ఆ లైటు ఊరికే వెలుగుతాంది" అంటారు కొందరు. "పండుగ కానీ, తర్వాత చూద్దాం" అంటారు మరికొందరు. ఇంకొందరు షెడ్డుకు పోయి, "ఆ లైటు ఆరిపోయేటట్టు చెయ్యన్నా, చాలు" అంటారు. దోషం పోవాలని అడగడం వేరు, దీపం ఆరాలని అడగడం వేరు. ఈ వారం మనం ధ్యానించవలసింది ఈ తేడాను గురించే.

బండి చెప్పే మాట

ఈ రోజుల్లో ఆ దీపం ఎందుకు వెలిగిందో తెలుసుకోవడానికి షెడ్డు దాకా పోనక్కరలేదు. అగ్గిపెట్టెంత అడాప్టరు ఒకటి అంగట్లో దొరుకుతుంది. డ్రైవరు కాళ్ళ పైభాగాన, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. అడాప్టరును అందులో పెట్టి, తాళం ఆన్ చేసి, ఫోనులో ఒక యాప్ తెరచి, బ్లూటూత్ ద్వారా గానీ వైఫై ద్వారా గానీ రెండింటినీ కలపాలి. బండిలోని కంప్యూటరు తన దగ్గర దాచుకున్న దోషాల కోడ్లను ఫోనుకు చెప్పేస్తుంది. మన పిల్లలకు ఇది ఐదు నిమిషాల పని.

ఈ ఏర్పాటుకు ఓ.బి.డి. అని పేరు. బండి తన్ను తాను పరీక్షించుకొనే ఏర్పాటు అని అర్థం. అమెరికాలోని కాలిఫోర్నియాలో బండ్ల పొగతో గాలి చెడిపోతున్నదని అక్కడి ప్రభుత్వం 1988 మోడల్ బండ్లతో దీన్ని ప్రారంభింపజేసింది. 1996 మోడల్ నుంచి ఆ దేశంలో అమ్మే కార్లన్నిటికీ ఒకే తరహా సాకెట్టు, ఒకే తరహా కోడ్లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో భారత్ స్టేజ్ నాలుగు నిబంధనలతో 2010 ఏప్రిల్‌లో దీని మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండవ దశ అమలులోకి వచ్చాయి. అంతకు ముందటి పాత బండ్లకు ఈ అడాప్టరు పనిచేయకపోవచ్చు.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఈ దీపాన్ని చట్టం పెట్టించింది యజమాని జేబు కోసం కాదు. ఆ బండి వదిలే పొగ పీల్చే పొరుగువాని కోసం. నా బండిలోని దోషం నా ఒక్కడి సొంత వ్యవహారం కాదు. రోడ్డు పక్క బడికి నడిచిపోయే పసిబిడ్డ ఊపిరితిత్తులతో దానికి సంబంధం ఉంది. స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో 'లౌదాతో సి' అనే విశ్వలేఖలో మనకు నేర్పింది కూడా ఇదే: భూమికీ గాలికీ చేసే హాని చివరకు పేదవానికి చేసే హాని అవుతుంది. పాపం సంగతీ అంతే. "నా పాపం నాది, నీకెందుకు?" అనడానికి వీల్లేదు. దాని పొగ ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

ప్రభువు తన కాలపు ప్రజలు రోజూ చూసే విత్తనాన్ని, వలను, పులిసిన పిండిని, పోయిన నాణెమును చూపించి పరలోక రాజ్యాన్ని బోధించారు. మన ఇంటి ముందు నిలిచి ఉన్న బండి కూడా మనకు బోధించగలదు. దేవుడు మనలో పెట్టిన దీపం మనస్సాక్షి. మనిషి తన దేవునితో ఏకాంతంగా ఉండే రహస్య మందిరమది అని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. పునీత తోమాస్ అక్వినాస్ మరో విషయం వివరించారు. మనస్సాక్షి అంటే మనసులో లేచిపోయే ఒక భావం కాదు, తెలిసిన సత్యాన్ని చేసిన పనికి అన్వయించి చెప్పే తీర్పు. కనుక దాన్ని వినడం, చదవడం, అర్థం చేసుకోవడం మన బాధ్యత.

కోడ్ వేరు, కారణం వేరు

కోడ్‌లో ఒక అక్షరం, దాని తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. 'పి' అంటే ఇంజను, గేరుబాక్సు వైపు దోషం. 'సి' అంటే బ్రేకులు, స్టీరింగు వంటి వాటి వైపు. పి 0301 అని వస్తే మొదటి సిలిండరులో మంట సరిగా అందుకోవడం లేదని అర్థం. మన మెకానిక్కులు దీన్నే 'మిస్సింగ్' అంటారు. పి 0171 అని వస్తే ఇంజనులో గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని అర్థం.

అయితే ఆ కోడ్ చూసి వెంటనే ఒక భాగం కొని మార్చేస్తే డబ్బు దండగ కావచ్చు. పి 0171కి కారణం ఎక్కడో గాలి లీకు కావచ్చు. ఇంధన పంపు నీరసించి ఉండవచ్చు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వంటి చోట్ల దుమ్ములో తిరిగే బండిలో గాలిని కొలిచే సెన్సారు మీద మురికి పేరుకొని ఉండవచ్చు. బాధ ఎక్కడ కనిపించిందో చెప్పేది కోడ్. అది ఎక్కడ పుట్టిందో వెదకవలసినవాడు మెకానిక్కు. మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కడప వైపు చివరి పొలానికి కె.సి. కాలువ నీరు రాలేదంటే, ఆ పొలం గట్టు దగ్గర తవ్వి లాభమేమిటి? పైన సుంకేసుల దాకా కాలువ వెంట చూసుకుంటూ పోవాలి.

ఆత్మపరిశోధనలో మనం చేసే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. "కోపపడ్డాను ఫాదర్, బూతులు తిట్టాను ఫాదర్" అని ప్రతిసారీ అదే జాబితా చదువుతాం. అది కోడ్. మంచిదే, దాన్ని చెప్పాలి. కానీ ఆ కోపం ఎక్కడ పుట్టింది? బోరు ఎండిపోయి, అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే, ఆ భయాన్ని భార్యతో చెప్పుకోలేని అభిమానం కోపంగా మారిందా? అన్నదమ్ముల పంపకంలో నాలుగేళ్ళ కిందట తగిలిన గాయం ఇంకా పచ్చిగా ఉందా? రోజూ సాయంత్రం గ్లాసు పట్టే అలవాటా? చెడుతనం మనిషి హృదయంలో నుండి బయటికి వస్తుందని ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయంలో హెచ్చరించారు. వేరు దొరకకుండా ఆకులు తుంచితే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది.

యాప్‌లో ఇంకొక మంచి సదుపాయం ఉంది. దోషం నమోదైన క్షణంలో బండి వేగమెంత, ఇంజను వేడి ఎంత, ఎంత బరువు లాగుతున్నది అనే వివరాలను కంప్యూటరు ఫోటో తీసినట్టు దాచి ఉంచుతుంది. తెలివిగల మెకానిక్కు ముందు దాన్నే చూస్తాడు. మనమూ అలాగే అడగాలి. నేను పడిపోయింది ఎప్పుడు? కూలి డబ్బులు చేతికి వచ్చిన శనివారం సాయంత్రమా? ఎవరితో ఉన్నప్పుడు? ఇంట్లో అందరూ నిద్రపోయాక ఫోను ఒక్కటే చేతిలో ఉన్నప్పుడా? పాపాన్నే కాదు, పాప సందర్భాలను కూడా విడిచిపెట్టాలని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం కదా! సందర్భం తెలియనివాడు దాన్ని ఎలా విడిచిపెడతాడు?

చెరిపివేత మరమ్మతు కాదు

ఆ యాప్‌లోనే ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే కోడ్లన్నీ చెరిగిపోతాయి, దీపం ఆరిపోతుంది. మరమ్మతు చేసిన తర్వాత నొక్కవలసిన మీట అది. మరమ్మతు చేయకుండా నొక్కితే బండి కొంతదూరం మంచిదానిలా నటిస్తుంది. కంప్యూటరు మళ్ళీ పరీక్షలు చేసుకొనే వరకే ఆ నటన.

ఒక సంగతి ఊహించుకోండి. ఇంజను హీటెక్కుతున్న బండిని ఒకాయన అమ్మదలిచాడు. ముందు రాత్రి కోడ్లు చెరిపేశాడు, రేడియేటరు నిండా నీళ్ళు పోశాడు. కొన్నవాడు భార్య మెడలోని బంగారం కుదువ పెట్టి, మిగతాది ఫైనాన్సు తీసుకొని, ఈ బండితో కుటుంబాన్ని పోషించుకుందామనుకున్న బీద డ్రైవరు. మే నెల ఎండలో, ఏడుగురు యాత్రికులతో, కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా ఇంజను ఉడికిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. వాయిదాలు ఆగవు, బాడుగలు ఆగిపోతాయి. దీపం ఆర్పిన వేలు ఎవరిదో ఆ డ్రైవరుకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. దేవునికి తెలుసు. ఏడవ ఆజ్ఞ, ఎనిమిదవ ఆజ్ఞ ఆ ఒక్క మీట మీద కలిసి విరిగాయి. దొంగతనమూ జరిగింది, అబద్ధ సాక్ష్యమూ జరిగింది.

కొనేవారికి ఒక సూచన. యాప్‌లో 'రెడీనెస్' అనే చోట బండి స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో కనిపిస్తుంది. చాలా పరీక్షలు అసంపూర్తిగా ఉంటే, ఈ మధ్యనే ఎవరో కోడ్లు చెరిపి ఉండాలి, లేదా బ్యాటరీ విప్పి ఉండాలి. ఆ ఒక్కదానితో అమ్మేవాణ్ణి దొంగ అనకండి. కారణం అడగండి. కొన్ని రోజులు నడిపాక మళ్ళీ చూపించమనండి.

దావీదు రాజు కూడా దీపం ఆర్పబోయాడు. ఊరియా భార్యతో చేసిన పాపం బయటపడకుండా ఊరియాను యుద్ధం నుంచి ఇంటికి పిలిపించాడు. అది కుదరకపోయేసరికి అతణ్ణి పోరు ముందు వరుసలో నిలబెట్టి చంపించాడు. అంతా చెరిగిపోయిందనుకున్నాడు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి, బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు తన తప్పు ఒప్పుకొన్నాడు. ఆ కథను విని కూడా ప్రవక్తను గెంటివేసి ఉంటే దావీదు గతి ఏమయ్యేది? మన ఇంట్లో మన తప్పు చెప్పే భార్యో, తల్లో, ఎదిగిన కొడుకో మనకు దేవుడు పంపిన నాతాను కావచ్చు.

ఒక ఉపమానంతో దైవ రహస్యమంతా చెప్పలేం, కనుక ఇక్కడ జాగ్రత్త అవసరం. పాపసంకీర్తనంలో దేవుడిచ్చే క్షమాపణ ఉత్త చెరిపివేత కాదు. ఆయన నిజంగా క్షమిస్తారు, ఆత్మను కొత్తదిగా చేస్తారు. క్షమించిన పాపాన్ని ఆయన లెక్కపుస్తకంలో దాచుకోరు. కానీ మనవైపు నుండి కావలసినవి మూడు ఉన్నాయి: పశ్చాత్తాపం, పాపాలు ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. పాపవిమోచనం పాపాన్ని తొలగిస్తుంది గానీ ఆ పాపం వల్ల జరిగిన నష్టాన్నంతా దానంతట అదే సరిచేయదని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం స్పష్టం చేస్తున్నది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి. చెడగొట్టిన పేరును బాగుచేయాలి. జక్కయ ప్రభువును ఇంటికి చేర్చుకొన్న రోజునే ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు చెల్లిస్తానన్నాడు. మన డ్రైవరు కథలో అమ్మినవాడు గుడికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చాలదు. ఆ మరమ్మతు ఖర్చు అతని చేతి నుంచే వెళ్ళాలి.

విదేశాల్లోని కొత్త బండ్లలో ఒక రకం కోడ్లు ఉంటాయి. ఏ యాప్ మీట నొక్కినా అవి చెరగవు. మరమ్మతు జరిగాక, బండి రోడ్డు మీద సరిగా నడిచి, ఆ దోషం మళ్ళీ లేదని కంప్యూటరు తానే చూసుకొన్న తర్వాతనే పోతాయి. తాగుడు మానుతానని మాట ఇచ్చిన భర్త, మరుసటి రోజే భార్య నమ్మలేదని అలగకూడదు. దేవుని క్షమాపణ ఆ క్షణమే దొరికింది. ఇంట్లో నమ్మకం రోజులు నడిచాక తిరిగి వస్తుంది. ఆ రోజులను ఓపికతో నడవడం కూడా ప్రాయశ్చిత్తమే.

పొరుగువాని బండికి తగిలించవద్దు

ఈ అడాప్టరు చేతికి వచ్చిన కొత్తలో ఒక సరదా పుడుతుంది. మన బండి చూసుకోవడం అయ్యాక పక్కింటి బండి, బావమరిది బండి, దారిన పోయేవాని బండి చూడాలనిపిస్తుంది. మనస్సాక్షి విషయంలో ఈ సరదా మనకు పుట్టుకతోనే ఉంది! అత్త కోడలి కోడ్లు చదువుతుంది, కోడలు అత్తవి చదువుతుంది. పరిసయ్యుడు దేవాలయంలో నిలబడి సుంకరి దోషాలను దేవునికి చదివి వినిపించాడు. సుంకరి తన రొమ్ము కొట్టుకొని తన దోషం ఒక్కటే చెప్పాడు. నీతిమంతుడై ఇంటికి వెళ్ళినవాడెవరో మనకు తెలుసు.

తల్లిదండ్రులు బిడ్డలను దిద్దవద్దని నేను అనడం లేదు. ముందు మన సాకెట్టు చూసుకొని, తర్వాత ప్రేమతో వారిది చూడాలి. బాగుచేయడానికే చూడాలి, ఊరికి చాటడానికి కాదు.

చవక అడాప్టర్లలో చాలావాటికి 1234 అనో 0000 అనో తేలిక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పక్కనున్నవాడు కూడా వాటికి కలుపుకోవచ్చు. కొన్ని యాప్‌లు మన సమాచారాన్ని బయటికి పంపుతాయి. కనుక అడిగిన అనుమతులన్నీ ఇవ్వకండి, పని అయ్యాక అడాప్టరు తీసి పెట్టుకోండి, వదిలేస్తే బ్యాటరీ కూడా దిగిపోవచ్చు. అయితే పాపసంకీర్తన పీఠం దగ్గర మీకు ఇటువంటి భయం వద్దు. అక్కడ విన్న మాటను ఏ గురువైనా ఏ కారణం చేతనైనా బయటపెట్టకూడదని శ్రీసభ చట్టం. ప్రాణం పోయినా అంతే. సిగ్గుతో ఏళ్ళ తరబడి దూరంగా ఉన్నవారు ఈ మాట మీద ధైర్యంగా రండి.

సెన్సారే చెడితే?

ఒక్కొక్కసారి ఇంజను బాగానే ఉంటుంది, వేడిని కొలిచే సెన్సారు చెడిపోతుంది. చల్లని ఇంజనును కాలిపోతున్నదని అంటుంది, లేదా కాలిపోతున్నదాన్ని చల్లగా ఉన్నదంటుంది. మనస్సాక్షికీ ఈ రెండు జబ్బులు ఉన్నాయి. కొందరు దేవుడు ఎప్పుడో క్షమించిన పాపాన్ని పట్టుకొని రాత్రుళ్ళు నిద్రపోరు. వారు తమ గురువు మాట నమ్మి శాంతి పొందాలి. మరికొందరికి లంచం, కట్నం, కులం పేరుతో తోటి విశ్వాసిని దూరంగా కూర్చోబెట్టడం, ఇవేవీ పాపంగా తోచవు. దీపం వెలగలేదు కనుక దోషం లేదనుకుంటారు. తన మనస్సాక్షి తనను నిందించకపోయినా అంతమాత్రాన తాను నిర్దోషిని కానని, తీర్పు చెప్పేవారు ప్రభువేనని పునీత పౌలు కొరింతీయులకు వ్రాశారు. కనుక మనస్సాక్షిని వాక్యంతో, శ్రీసభ బోధనతో ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి.

ఇంకొక సంగతి. యాప్ 'కోడ్లు లేవు' అన్నంత మాత్రాన బండి క్షేమమని కాదు. అరిగిన టైరును, పలచబడ్డ బ్రేకు షూలను ఆ కంప్యూటరు సాధారణంగా చూడదు. ఘాటు దిగేటప్పుడు ప్రాణం కాపాడేవి అవే! లూకా సువార్త 16వ అధ్యాయంలోని ధనవంతుణ్ణి చూడండి. అతడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, తన వాకిట నుంచి తరమలేదు. యాప్ పెట్టి చూస్తే ఒక్క కోడ్ కూడా వచ్చి ఉండేది కాదు. చేయవలసిన మేలు చేయలేదు, అంతే. చేసిన చెడుగును మాత్రమే లెక్కపెట్టే ఆత్మపరిశోధన సగం పరిశోధనే.

ఈ వారం చేయవలసింది

పునీత లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతి ఐదు మెట్లది. రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత ఐదు నిమిషాలు ఫోన్లన్నీ పక్కన పెట్టి మౌనంగా కూర్చోండి. ముందు ఆ రోజు మేలులకు దేవునికి కృతజ్ఞత చెప్పండి. వెలుగు ఇమ్మని పవిత్రాత్మను వేడుకోండి. ఉదయం నుంచి జరిగినదంతా వరుసగా తలచుకోండి. తప్పుకు క్షమాపణ అడగండి. రేపటికి ఒక్క మంచి తీర్మానం చేసుకోండి. తర్వాత వీలైనంత త్వరలో పాపసంకీర్తనం చేసి, ఆ ఆదివారం దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించండి.

బండ్లు ఉన్నవారు బండి దీపాన్ని కూడా అశ్రద్ధ చేయకండి. పసుపు దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించండి. అది కొట్టుకుంటూ వెలిగితే ఇంజను తీవ్రంగా మిస్ అవుతున్నదని గుర్తు. నెమ్మదించి, క్షేమమైన చోట ఆపండి. వేడి దీపమో, ఆయిల్ దీపమో ఎర్రగా వెలిగితే ఇంకొక కిలోమీటరు అని ఆశపడవద్దు. ఫోను తెర చూస్తూ బండి నడపవద్దు. మీ వెనుక కూర్చున్నవారి ప్రాణాలు దేవుడు మీ చేతికి అప్పగించినవి. కోడ్ చూశాక నమ్మకమైన మెకానిక్కును గౌరవంతో అడగండి. నీ పని నాకు తెలుసులే అన్నట్టు ఫోను అతని ముఖం మీద పెట్టవద్దు.

అమ్మేవారు, దాచిన దోషం ఉంటే చెప్పి అమ్మండి. ధర కొంత తగ్గుతుంది. రాత్రి నిద్ర బాగా పడుతుంది.

ప్రార్థిద్దాం: ప్రభువా, మా హృదయాలను పరిశోధించి తెలుసుకొన్న దేవా, మాలో మీరు వెలిగించిన దీపాన్ని మా చేతులతో మేమే ఆర్పుకోకుండా మమ్ము కాపాడండి. దోషం చూపినప్పుడు దాన్ని ఒప్పుకొనే వినయాన్ని, ఇతరులకు చేసిన నష్టాన్ని తీర్చే ధైర్యాన్ని, మళ్ళీ దారిలో నడిచే ఓపికను మాకు దయచేయండి. మా బాటసారులను, మా డ్రైవర్లను, వారి కోసం ఇంటి దగ్గర ఎదురుచూసే కుటుంబాలను ఆరోగ్యమాత వేడుదల ద్వారా క్షేమంగా నడిపించండి. ఆమెన్.